వస్తానన్న మనిషి

కర్నూలు జిల్లాలో ఏ గడప దగ్గరైనా కాసేపు నిలబడి వినండి. బయటికి వెళ్ళే మనిషి ‘పోతా’ అనడు, ‘వస్తా’ అంటాడు. కూరగాయలకు వెళ్ళేవాడూ వస్తానే అంటాడు, మళ్ళీ నాలుగు నెలల దాకా మొహం చూపించనివాడూ వస్తానే అంటాడు. ఎవడైనా మరిచిపోయి ‘పోతా’ అన్నాడో, ఇంట్లోని పెద్దావిడ వాణ్ణి వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, మాట సరిగ్గా అనిపించి మరీ పంపుతుంది. ఇది పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. తెలియనిదల్లా ఓర్వకల్లు రాళ్ళ పక్కన హంద్రీ మోటార్స్ వాళ్ళు తయారు చేసిన గువ్వ కారుకే.

గువ్వ చిన్న కారు. వెనక తోకలాంటి డిక్కీ ఉండదు. వెనక తలుపు పైకెత్తి సామాను పెట్టుకోవాలి. ఇరవై రెండేళ్ళలో నాలుగు తరాలు మారింది. నాలుగింటినీ మొదట నడిపి చూసి, తిట్టి, బుజ్జగించి, దారికి తెచ్చిన మనిషి ఒకడే. అతని పేరు మద్దిలేటి. కంపెనీ కాగితాల్లో టెస్ట్ డ్రైవర్. ఫ్యాక్టరీలో అందరికీ మద్దన్న.

మొదటి గువ్వకు గుండ్రటి దీపాలు, మొండి గేర్లు. మూడో గేరు వేయాలంటే పచ్చడి నూరినంత పని. వెనక సీట్లో బడిసంచులు పట్టేవి గానీ మనుషులు పట్టేవారు కాదు. అయినా జనం కొన్నారు, పాతబస్తీ సందుల్లో ఎదురుగా ఆటో వచ్చినా తప్పుకోగలిగిన కారు అదొక్కటే మరి. రెండో గువ్వ జానెడు పొడవు పెరిగింది. సీటు ఎంత ఎత్తులో ఉండాలని ఇంజినీర్లు వారం రోజులు కొట్లాడుకుంటుంటే మద్దిలేటి విసుగెత్తి వాళ్ళమ్మ సుంకమ్మను పిలుచుకొచ్చాడు. ఆవిడ మోకాళ్ళు పట్టుకోకుండా, ‘అమ్మా’ అనకుండా ఎక్కి దిగిన ఎత్తే ఖాయమైంది. ఇప్పటికీ అక్కడి డ్రాయింగుల్లో ఆ కొలతను ‘సుంకమ్మ ఎత్తు’ అనే రాస్తారు. మూడో గువ్వ బ్యాటరీ బండి. దానికి చప్పుడు లేకపోవడంతో రోడ్డు మీద గొర్రెలు దారివ్వడం మానేశాయి. మద్దిలేటి నెల రోజులు మందల వెంట తిరిగి, గొర్రెలు పక్కకు జరిగే చప్పుడేదో కనిపెట్టి, దాన్ని బండికి పెట్టించాడు.

నాలుగో గువ్వకు ‘ఎరుక’ వచ్చింది. దాన్ని తెచ్చింది మద్దిలేటి మేనమామ కూతురూ, అతని భార్యా అయిన చౌడేశ్వరి. ఆ ఫ్యాక్టరీ పరిశోధనశాలకు ఆమే పెద్ద.

ఎరుక ఉన్న బండి తన మనిషిని అడుగుల చప్పుడుతో గుర్తుపడుతుంది. టైర్ల గుండా నేల అదురు వింటుంది. ఎవరైనా దగ్గరికి వస్తుంటే పక్క అద్దాలు సగం విచ్చుకుంటాయి. తనవాడే అయితే పదో అడుగుకు పూర్తిగా తెరుచుకుని, తలుపు గొళ్ళెం టక్కుమంటుంది. పరాయివాడైతే అద్దాలు మళ్ళీ ముడుచుకుంటాయి. ఆ మాత్రం నేర్పడానికి మద్దిలేటి ఒక్క బండి ముందు నాలుగు వేలసార్లు నడిచాడు. బూట్లతో, హవాయి చెప్పులతో, వట్టికాళ్ళతో, భుజాన బియ్యం మూటతో, వానలో, జ్వరంలో. తర్వాత అదే బండిలో రాయలసీమ రోడ్లన్నీ తిరిగి, ఏ గుంతను ఎట్లా దాటాలో, ముసలివాళ్ళు కూర్చుంటే బ్రేకు ఎంత మెత్తగా పడాలో నేర్పాడు. నాలుగో తరం బండ్లన్నీ ఆ బండి నేర్చుకున్నదాంట్లో కొంచెం కొంచెం పంచుకుని పుట్టినవే.

తప్పు ఎక్కడ జరిగిందంటే మాట దగ్గర. మనిషి దిగుతూ ‘వస్తా’ అంటే బండి మేలుకుని ఎదురుచూడాలి, ‘పోతా’ అంటే నిద్రపోవాలి అని చెన్నైలో భాష చూసేవాళ్ళు రాసి పంపారు. నిఘంటువు ప్రకారం వాళ్ళ తప్పేం లేదు. కర్నూల్లో పుట్టి పెరిగిన చౌడేశ్వరి కూడా చదివి సంతకం పెట్టింది. రోజూ అనే మాట మన చెవిన మనకే పడదు. మొదటి నెల్లో జిల్లాలో అమ్మిన గువ్వలు ఒక్కటంటే ఒక్కటి నిద్రపోలేదు. అందరూ వస్తానని దిగేవాళ్ళే. తెల్లారేసరికి బ్యాటరీలన్నీ ఖాళీ. నవ్వేవాళ్ళు నవ్వారు, తిట్టేవాళ్ళు తిట్టారు. చివరికి, పన్నెండు గంటలు చూసి మనిషి రాకపోతే నిద్రపొమ్మని అన్ని బండ్లకూ గడువు పెట్టారు.

మద్దిలేటి బండికి తప్ప.

“వస్తానన్న మనిషిని పన్నెండు గంటలకే అనుమానిస్తే ఎట్ల చౌడీ? నా బండికి ఆ గడువొద్దులే” అన్నాడతను. సరదాకే అన్నాడు. ఆమె కూడా సరదాకే సరేనంది.

ఆ తర్వాత ఏడాదికి, ఆషాఢంలో ఒక పొద్దున, మద్దిలేటి టెస్ట్ ట్రాక్ పక్కన బండి ఆపి, “వస్తా” అని దిగి, టీ కోసం క్యాంటీన్ వైపు నడుస్తూ దారిలోనే పడిపోయాడు. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. మనిషి దక్కాడు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు సగం దక్కాయి, మాట ముద్దయింది. బండి ఇంకెవరికీ తలుపు తీయకపోతే లారీ మీద ఎక్కించి ఇంటికి తెచ్చి రేకుల షెడ్డులో ఛార్జింగ్ తీగ తగిలించి పెట్టారు. దాని అద్దం మీద చిన్న పసుప్పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. ఎదురుచూస్తున్నానని దానర్థం.

ఎనిమిది నెలలైంది.

రోజూ సాయంత్రం మద్దిలేటి చేతికర్ర పట్టుకుని వరండా దిగి షెడ్డు వైపు నడుస్తాడు. అద్దాలు సగం విచ్చుకుంటాయి. అతను ఇంకా నాలుగడుగులు వేస్తాడు. ఏడో అడుగుకో ఎనిమిదో అడుగుకో అద్దాలు ముడుచుకుంటాయి. అతను బండి దాకా వెళ్ళి, బానెట్ మీద కాసేపు అరచెయ్యి ఆనించి, వెనక్కి వస్తాడు. ఆ సమయానికి చౌడేశ్వరికి వంటింట్లో తప్పనిసరిగా ఏదో పని పడుతుంది. పొయ్యి మీద ఏమీ లేకపోయినా పొయ్యి వైపే చూస్తూ నిలబడుతుంది.

“మేడమ్, డైరెక్టర్ గారు మళ్ళీ అడిగినారు” అంది ఖైరున్, శుక్రవారం మధ్యాహ్నం పరిశోధనశాలలో. చౌడేశ్వరి దగ్గర ఆరేళ్ళుగా పనిచేస్తున్న ఇంజినీరు.

“ఏమని?”

“ఐదో గువ్వకు మద్దన్న బండిలో ఉండే నేర్పంతా కావాలంట. సోమవారం లోపల.”

అయిదో తరం అచ్చులు సిద్ధమయ్యాయి. తలుపులు అయ్యాయి, దీపాలు అయ్యాయి, సుంకమ్మ ఎత్తు సీట్లూ అయ్యాయి. లోపల పెట్టాల్సిన నేర్పు మాత్రం రేకుల షెడ్డులో ఉంది. దొంగలు కాజేయకుండా చౌడేశ్వరే పెట్టిన నియమం ఒకటుంది: మనిషి కోసం ఎదురుచూస్తున్న బండి ఎవరికీ ఏమీ ఇవ్వదు, కొత్త మనిషిని చేర్చుకోదు. ఆ ఎదురుచూపు ముగియాలంటే రెండే దారులు. అతనే తన పాత గొంతుతో ‘పోతా’ అనాలి. లేదా రెండో మనిషిగా పేరున్న చౌడేశ్వరి ఎదుట నిలబడి, అతని పేరు పెట్టి, రాడు అని చెప్పాలి.

“ఇంకో దారి వర్క్‌షాప్ వాళ్ళు చెప్తాండారు” అంది ఖైరున్, కళ్ళు దించుకుని. “బండి మెదడుండే పెట్టె విప్పి మొత్తం తుడిచేసేది. బండి ఎదురుచూసేది ఆగిపోతాది. మద్దన్న నేర్పింది కూడా పోతాది.”

“పాత నడక, కొత్త నడక ఒక మనిషివేనని దానికి చెప్పే పని చూడమన్న్యా గదా?”

“నాలుగు నెలల నుంచి అదే చూస్తావుండా మేడమ్. రెంట్లో ఏమీ కలవల్యా. దాని లెక్కన వాళ్ళిద్దరు మనుషులు.”

చౌడేశ్వరి కంప్యూటర్లోంచి ఒక ఫైలు చిన్న స్పీకర్లోకి ఎక్కించుకుని, సంచీలో వేసుకుని ఇంటికి బయల్దేరింది.

ఆ స్పీకర్ సంగతి చెప్పాలి. అందులో ఉన్నవి మద్దిలేటి పాత అడుగులు. డబ్, డబ్, డబ్ అని గోడ గడియారమంత నమ్మకంగా పడే అడుగులు. ఉత్త చప్పుడుకు నేల అదరదు కాబట్టి వాటిని బండికి వినిపించి లాభం లేదు. రెండు నెలలుగా ఆమె రోజూ పొద్దున వాటిని వరండాలో పెట్టి, వాటికి సరిగ్గా అతని చేత నడిపిస్తోంది. కాళ్ళు పట్టే డాక్టరమ్మ చెప్పిన వ్యాయామాలు వేరు, ఇది వేరు. అతను పాత నడక నడిస్తే బండి గుర్తుపడుతుంది, బండి గుర్తుపడితే అన్నీ మునుపటిలా అవుతాయి అని ఆమె ఆశ. అంత చదువుకున్న మనిషి అంత పిచ్చి ఆశ ఎట్లా పెట్టుకుందని మీరు అడగొచ్చు. ప్రేమ ఉన్నచోట చదువు పనిచేసిన దాఖలా నేనైతే చూడలేదు.

శనివారం పొద్దున కూడా స్పీకర్ పెట్టింది. ఈసారి కొత్త ఫైలు, మరీ స్పష్టంగా ఉన్నది.

“ఎడమకాలు ఎత్తెయ్ బావా. ఈడ్చొద్దు. చప్పుడు ఇను, దాంతోపాటే ఎయ్యి.”

మద్దిలేటి వేశాడు. రెండు అడుగులు కలిశాయి, మూడోది వెనకబడింది. మళ్ళీ వేశాడు. నుదురంతా చెమట.

“ఇంకొక్కసారి. మొన్న అయిదు కలిసె గదా.”

మళ్ళీ మొదలుపెట్టాడు. నాలుగో అడుగుకు తూలి, స్తంభం పట్టుకున్నాడు. స్పీకర్‌లోని మనిషి మాత్రం ఆగలేదు, డబ్ డబ్ డబ్ అని వరండా అంతా నడుస్తూనే ఉన్నాడు. మద్దిలేటి కర్ర చాపి, స్పీకర్‌ను కిందికి తోశాడు. అది మెట్ల మీద పడి నోరు మూసుకుంది.

ఆ కర్ర చాచడంలో కోపం లేదు. అందుకే చౌడేశ్వరికి భయమేసింది.

“చౌడీ” అన్నాడతను. మాట రావడానికి టైము పట్టేది, అయినా ఆ పూట ఒక్కొక్కటే ఏరుకుని చెప్పాడు. “ఆ నడిచేటోడు... నాకూ తెల్సు. మంచోడే. కానీ వాడు రాడు.”

“అట్లనొద్దు బావా.”

“నువ్వు చెప్పు దానికి. నేను చెప్తే ఇనదు. నా గొంతూ తెలీదు దానికి.” కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “ఇరవై రెండేండ్లు. తుడిచేస్తారంట గదా. రాత్రి ఖైరున్ ఫోన్ చేసినప్పుడు ఇన్న్యా.”

“ఏదో ఒకటి చేస్తాలే. సోమవారం దాకా టైముంది.”

“సాయంత్రం పోతా నేను, బండికాడికి. తలకాయ తిప్పుకుంటాది. ఇంట్లోకి వస్తా.” అతను ఆగి, ఆమె వైపు నేరుగా చూశాడు. “నువ్వూ తిప్పుకుంటావు.”

చౌడేశ్వరి అబద్ధమని చెప్పడానికి నోరు తెరిచింది, అబద్ధం కాదు కాబట్టి మూసుకుంది. పడిపోయిన స్పీకర్ తీసుకుని లోపలికి వెళ్ళి, బియ్యం డబ్బా పక్కన నేల మీద కూర్చుని ఏడ్చింది.

సుంకమ్మ అక్కడే చాటలో పప్పు ఏరుతూ ఉంది. కోడల్ని కాసేపు ఏడవనిచ్చింది. అన్నీ విన్నదని చాట కదలని తీరులోనే తెలుస్తోంది.

“ఏం చెప్పాలంట ఆ బండికి?” అంది చివరికి.

చౌడేశ్వరి చెప్పింది. పేరు పెట్టి, రాడని.

ఆవిడ రెండు చెవులూ మూసుకుంది. డెబ్బై అయిదేళ్ళ బతుకులో ఆ ఇంటి గడప దాటిన వాళ్ళెవరినీ ‘పోతా’ అననివ్వలేదు. పాలవాడి చేత కూడా ‘వస్తా’ అనిపించిన మనిషి. బతికున్న కొడుకును, కట్టుకున్న పెళ్ళాం, పేరు పెట్టి రాడనడమా?

“ఆ నియమం ఎవురు పెట్టిండేది?”

“నేనే అత్తా. ఎవురూ పొరపాట్న అనకూడదని, అనాలంటేనే కష్టం కావాలని అట్ల పెట్టినా.”

“బాగా పెట్టినావు” అంది సుంకమ్మ. మెచ్చుకుందో తిట్టిందో ఆవిడకే తెలియాలి. పప్పు చాట పక్కకు పెట్టి, కొంగు సర్దుకుని లేచింది. “వాడు పుట్టినప్పుడు పదకొండో నెల దాకా పాకల్యా. అందరూ ఏందేందో అనిరి. నేను మాత్రం వాడెట్ల జరిగితే అట్లే చూస్తాంటి. పక్కోళ్ళ పిల్లోని మాదిరి జరగాలని చూడల్యా.” చెప్పులు వేసుకుంది. “నేను పక్క వీధిలో మల్లమ్మ ఇంటికాడికి పోయొస్తా. వచ్చేటప్పటికి చీకటి పడతాది. నేను లేనప్పుడు చెప్పుకో. నా చెవిన పడనీకు.”

సాయంత్రం అయిదున్నరకు చౌడేశ్వరి షెడ్డులోకి వెళ్ళింది. బండి మీద ఎనిమిది నెలల దుమ్ము, అయినా పసుప్పచ్చ దీపం నిన్ననే వెలిగించినట్టుంది. ఆమె అడుగు తెలుసు దానికి. రెండో మనిషి కాబట్టి అద్దాలు సగం విచ్చి అట్లాగే నిలిచాయి. మద్దిలేటి ఆమె వెనక, పది అడుగుల దూరంలో కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు.

తను తయారు చేసిన వస్తువుతో మాట్లాడటానికి ఆమెకు ఎప్పుడూ సిగ్గు వేయలేదు. ఆ పూట వేసింది. గొంతు సవరించుకుంది. నాలుగుసార్లు నోరు తెరిచింది. పుట్టినప్పటి నుంచి బావా అన్నదే గానీ అతని పేరు ఆమె నోట ఎప్పుడూ రాలేదు.

“చెప్పు” అన్నాడు వెనక నుంచి అతను, మెల్లగా.

“మద్దిలేటి రాడు” అంది చౌడేశ్వరి.

దీపం వెంటనే ఆరలేదు. పొరపాటేమోనని బండి కాసేపు ఆగి చూస్తుంది; ఆ కాసేపును కూడా ఆమే పెట్టింది. ముప్పై సెకన్లు. ఆ ముప్పై సెకన్లలో ‘కాదు’ అంటే చాలు, అంతా మళ్ళీ మొదటికి వచ్చేది. చౌడేశ్వరి చీర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. దీపం ఆరింది. అద్దాలు నెమ్మదిగా ముడుచుకున్నాయి.

ఆమె తన జీవితంలో చేసిన పనులన్నింటిలో అది కష్టమైనది. పోయినవాడి కోసం ఏడ్చినట్టే ఏడ్చింది. ఆ డబ్ డబ్ అడుగుల మనిషి, గొర్రెలతో మాట్లాడిన మనిషి, ఒంటిచేత్తో స్టీరింగ్ తిప్పుతూ పాట పాడిన మనిషి ఆ నిమిషానే పోయాడు. పోయినవాడి కోసం ఆమెను ఏడవనిచ్చి, ఉన్నవాడు వెనక ఓపిగ్గా నిలబడ్డాడు.

కాసేపటికి బండి అద్దం మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. కొత్త మనిషి కావాలా అని అడిగింది. చౌడేశ్వరి కళ్ళు తుడుచుకుని అవునని వేలితో నొక్కింది. ‘నడవండి’ అని వచ్చింది.

“నలభై సార్లన్నా నడవాల బావా. కుర్చీ తెస్తా, మధ్య మధ్యలో కూచో.”

“నాలుగు వేలు నడిచిన్నోన్ని” అన్నాడు మద్దిలేటి. నవ్వితే మొహంలో ఒక పక్కే కదిలింది.

నడిచాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళలేదు. షెడ్డు స్తంభానికి ఆనుకుని లెక్కపెడుతూ చూసింది. పదేళ్ళు మనుషుల నడకలు చదివిన మనిషి, ఇంట్లోని నడకను ఆ రోజే మొదటిసారి చదివింది. కుడికాలు గట్టిగా పడుతోంది. కర్ర దాని వెంటే పడుతోంది. ఎడమకాలు నేల మీద చిన్న సున్నా చుట్టి వస్తోంది. వచ్చాక వెంటనే బరువు పెట్టడు. ఒక్క క్షణం నేలను అడిగి, అది సరేనన్నాక పెడతాడు. ఆ క్షణం ఆమెకు నచ్చింది. పాత నడకలో అది లేదు.

పన్నెండోసారికి అద్దాలు సగం విచ్చుకుని, ముడుచుకోకుండా నిలిచాయి. ముప్పై ఒకటోసారికి పూర్తిగా తెరుచుకుని గొళ్ళెం టక్కుమంది. మద్దిలేటి అక్కడే ఆగిపోయాడు. తలుపు తీసి లోపలికి ఎక్కి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టాడు, ఎడమ చేతిని కుడి చేత్తో ఎత్తి మరీ పెట్టాడు. బండి నడపలేదు. ఊరికే కూర్చున్నాడు. ఆమె పక్క సీట్లో కూర్చుంది. సుంకమ్మ వచ్చి ఇద్దరినీ అన్నానికి పిలిచేదాకా వాళ్ళు దిగలేదు.

ఆదివారం ఖైరున్ వచ్చి తీగ తగిలించి, బండి నేర్చుకున్నదంతా ఒక పెట్టెలోకి ఎక్కించుకుంది. గుంతలు, బ్రేకులు, గొర్రెలు, ఏవీ పోలేదు. చివర్లో కొత్తగా చేరిన ముప్పై ఒక్క నడకలు కూడా వచ్చాయి.

“ఇవి తీసెయ్యాల్నా మేడమ్?” అని అడిగింది. “అయిదో గువ్వకు అవసరం లేదు గదా.”

“ఉండనీ” అంది చౌడేశ్వరి. “అట్ల నడిచేవాళ్ళు ఆయనొక్కడే కాదు ఊర్లో. వాళ్ళకీ తలుపు తీయాల గదా.”

సోమవారం పొద్దున ఆమె ఆఫీసు తొందరలో దోసెలు పోస్తోంది. వీపు వంటింటి గుమ్మం వైపు ఉంది. బయట పాలవాడు గిన్నె చప్పుడు చేస్తున్నాడు, సుంకమ్మ వాడితో ఏదో వాదిస్తోంది. ఆ గోలలో వరండాలోంచి ఒక అడుగు వినిపించింది, దాని వెంట కర్ర, ఆ తర్వాత నేల మీద మెల్లగా చుట్టి వచ్చే ఇంకో అడుగు.

“బావా, చట్నీలో ఉప్పు చాలిందో ల్యాదో చూసి చెప్పు” అంది, తిరక్కుండానే.

గుమ్మంలో అడుగు ఆగింది.

“నేనని... ఎట్ల తెల్సె?”

చౌడేశ్వరి దోసె తిరగేసింది.

“ఇంకెవురు అట్ల నడుస్తారు?” అంది.